గోడ వైపు షీట్లు

డొల్లయ్య వేలి కణుపుతో షీటు మీద కొట్టి, తల ఎడమ పక్కకి వంచి విన్నాడు. బెత్తెడు దూరం జరిగి మళ్ళీ కొట్టాడు. టక్, టక్ అంటూ సాగుతున్న చప్పుడు కుడి మూలకి వచ్చేసరికి టొక్ అంది.

"డొల్ల," అన్నాడు.

జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఈ ప్లైవుడ్ కొట్లో ఆయన అంటున్న మాట అదే. అనీ అనీ అదే పేరైపోయింది. అసలు పేరేమిటని అడిగితే షావుకారు కూడా కాసేపు బుర్ర గోక్కుంటాడు. మనిషి సన్నం. కుడి చేతి మధ్యవేలి కణుపు మీద రేగిపండు గింజంత కాయ కాసింది. వినీ వినీ మెడ ఒక పక్కకి ఒరిగిపోయి, ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఎవరో చెవిలో రహస్యం చెబుతుంటే వింటున్నట్టు కనిపిస్తాడు. చొక్కా జేబులో సుద్దముక్క లేని రోజు లేదు. పెళ్ళైన కొత్తలో మామగారు కూర్చోమని చూపించిన బల్లని కూడా కొట్టి చూసి మరీ కూర్చున్నాడు. ఆ సంగతి ఆయన భార్య ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

షీటుకి అటు పక్క నిలబడ్డ జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త కాపురం, కొత్త వంటిల్లు. ఆ అబ్బాయి షీటు మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"పైన ఎంత నునుపుగా ఉందండీ. బాగాలేదంటారా?"

"మొహానికేం బాబూ, బాగానే ఉంది. ఇలా పక్కకి రండి."

అంచు చూపించాడు. ఒకదాని మీద ఒకటి అతికించిన పొరల మధ్య చీమ దూరేంత నల్లటి సందు ఉంది. లోపలి పొర చాలక అక్కడ ఖాళీ మిగిలిపోయింది. అలాంటి చోట మేకు దిగితే పట్టు ఉండదు.

"అయితే ఇది వద్దాండీ?" అంది ఆ అమ్మాయి.

"వద్దని ఎందుకమ్మా? డొల్ల బొత్తిగా లేని షీటు ఎక్కడా దొరకదు. ఎక్కడుందో తెలిస్తే చాలు. ఈ మూల మీ వడ్రంగి ఎలాగూ కోసి పారేస్తాడు." జేబులోంచి సుద్దముక్క తీసి ఆ మూల సున్నా చుట్టాడు. "ఇంతకీ సింకు కిందకా, పై అరలకా?"

"రెండిటికీనండి."

"కిందకి నీళ్ళకి తట్టుకునే రకం తీసుకోండి. పైకి మామూలుది చాలు. పైన చేపలేం పెంచరుగా."

అమ్మాయి నవ్వింది. డొల్లయ్య ఒక కన్ను మూసి అంచు వెంబడి చూసి, వంపు ఉన్నవాటిని పక్కకి నెట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుని జిగురు వాసన చూశాడు. టకటకా కొట్టుకుంటూ పోయి, కావలసినవి తేల్చేసి, వాటి అంచుల మీద చిన్న టిక్కులు పెట్టాడు. వాళ్ళకి తెప్పించిన టీ చల్లారేలోగా పని అయిపోయింది. పైవాళ్ళ పనంటే ఆయనకి అంత చురుకు.

"మీ ఇంట్లో వంటిల్లు భలే ఉంటుందేమో కదండీ," అంది ఆ అమ్మాయి మెచ్చుకోలుగా.

వెనక షీటు భుజానికెత్తుకుంటున్న తొందరబాబుకి దగ్గు వచ్చింది. నవ్వు ఆపుకుంటే వచ్చే దగ్గు అది. డొల్లయ్య వెనక్కి తిరిగి చూడలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఎందుకు ఎర్రబడవు? ఆ పూట తెల్లారగానే తన ఇంటి వంటగది గుమ్మంలో ఆయన నిలువునా ఆగిపోవలసి వచ్చింది.

ఆ ఇంట్లో వంటింటి అరలకి తలుపులు లేవు. గోడకి రాతి పలకల అరలు, వాటికి అడ్డంగా ఒక తాడు, తాడుకి వేలాడే గుడ్డ తెర. కాపురం పెట్టిన కొత్తలో, "మంచి షీటు చూసి తలుపులు పెట్టిస్తాను, అందాకా ఏదో ఒక గుడ్డ కట్టు" అన్నాడు. ఆవిడ కట్టింది. ఆ తెర పట్టుకునే కూతురు నిలబడడం నేర్చుకుంది. పెద్దదైంది, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఇంట్లో అలమరలన్నీ తండ్రి ఏరిన షీట్లతో చేసినవే. ఇక్కడ మాత్రం తెర రంగులు మారుతూ వచ్చింది గానీ తెర పోలేదు. జిడ్డు పట్టిన ఆ గుడ్డని ఉతకలేక ఆవిడ చేతులు పడిపోయేవి. ఒకసారి దాని అంచుకి పొయ్యి మంట కూడా అంటుకుంది.

ఇవాళ తెర లేదు. తాడు కూడా లేదు. అరలన్నీ బోసిగా ఉన్నాయి. గిన్నెలు, డబ్బాలు, మూతలు, గరిటెలు నేలంతా పరిచి ఉన్నాయి. వాటి నడుమ ఆవిడ పీట వేసుకుని తాపీగా టీ తాగుతోంది.

"ఏంటే ఇది?"

"రేపు పొద్దున వడ్రంగి వస్తున్నాడు. నేనే రమ్మన్నాను. షీట్లు ఇవాళ ఇంటికి రావాలి."

"అలా అంటే ఎలాగే? మంచివి చూడాలా వద్దా?"

"చూశారుగా ఇన్నాళ్ళూ. ఇక చాలు. రాకపోతే ఇవన్నీ ఇలాగే ఉంటాయి. గెంతుకుంటూ వెళ్ళి మంచినీళ్ళు తాగండి."

గొంతు పెంచలేదు. అదే ఆయన్ని భయపెట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ దెప్పింది, సాధించింది, అలిగి పుట్టింటికి వెళ్ళి తిరిగొచ్చింది. ఇంత నెమ్మదిగా మాట్లాడడం మాత్రం ఎప్పుడూ లేదు. ఇవాళ కూడా తను ఉత్త చేతులతో వస్తే ఈవిడ ఇక ఎప్పటికీ అడగదేమోనని ఆయనకి తోచింది. అడగడం మానేసిన భార్యతో ఒక ఇంట్లో ఎలా ఉంటారో ఆయన ఊహకి అందలేదు.

పోనీ మంచి షీట్లు దొరకలేదా అంటే, దొరికాయి. అదే విచిత్రం.

కొట్టు వెనక గదిలో షీట్లు గోడకి వాల్చి వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఆ వరుసలో అన్నిటికన్నా వెనక, గోడని ఆనుకుని, ఆయన సొంతానికి ఏరుకున్న షీట్లు ఉన్నాయి. దొంగతనం కాదు. "నీకు నచ్చినవి తీసుకోవయ్యా, నిన్ను కాదనేదెవరు" అని షావుకారు ఎప్పుడో అన్నాడు. కొత్త సరుకు వచ్చినప్పుడు, ఏ మూల కొట్టినా ఒకేలా పలికే షీటు ఒకటి తగిలిందంటే ఆయన చెయ్యి ఆగేది కాదు. అంచు మీద టిక్కు పెట్టి, ఎవరి కంటా పడకుండా పక్కనుంచి గోడ వైపు దోపేవాడు. ముందున్నవి అమ్ముడుపోతాయి, వాటి చోటికి కొత్తవి వస్తాయి, గోడ దాకా ఎవరూ వెళ్ళరు.

మరి ఇంటికెందుకు తీసుకెళ్ళలేదంటే, తీసుకెళ్దామనుకున్న రోజున మళ్ళీ ఒకసారి కొట్టి చూసేవాడు. పైవాళ్ళ షీటుకి ఒక మూల డొల్ల ఉంటే సున్నా చుట్టి సరిపెట్టే మనిషికి, తన ఇంటి షీటు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో ఏదో తేడాగా వినిపించేది. వచ్చే లోడులో ఇంతకన్నా మంచిది ఉంటుందేమో అనిపించేది. ఉండేది కూడా. దాన్నీ వెనక్కి దోపేవాడు. పోనీ పాతది తీసి ముందు పెడతాడా అంటే అదీ లేదు. ఒకసారి మనసుపడ్డదాన్ని పరాయివాళ్ళకి ఇవ్వబుద్ధి అయ్యేది కాదు.

ఆ గదిలో షీట్లు నిలబెట్టడానికి ఒక పద్ధతుంది. అది అందరికీ నేర్పింది డొల్లయ్యే. షీట్ల అడుగు గోడకి జానెడు ఎడంగా ఉండాలి, తల గోడకి ఆనాలి. అడుగు ముందుకి జారకుండా నేలకి అడ్డకర్ర కొట్టి ఉంటుంది. వరుస వెనక్కి వాలి ఉన్నంతసేపూ ఏనుగొచ్చి తోసినా పడదు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా నిటారుగా నిలబెడితే "చంపుతావట్రా ఎవర్నైనా?" అని కేకలేసేవాడు. అలా కేకలేసిన మనిషే ఒక్కో షీటూ గోడ వైపు దోపుతూ వచ్చాడు. షీటు మందం బొటనవేలంత. ఒకటి దోపితే వరుస తల బొటనవేలంత ముందుకొస్తుంది, అడుగు మాత్రం అడ్డకర్ర దగ్గరే ఉంటుంది. రోజూ చూసే కంటికి ఏ రోజు చూసినా నిన్నటిలాగే కనిపించేది.

ఇక తొందరబాబు. కొట్లో మోత పని ఆయనది. నడవడం రాదు, పరుగే. అందరికన్నా ముందు తినేసి, చెయ్యి కడుక్కుని, వడ్డించే మనిషికి తను వడ్డిస్తానని కూర్చుంటాడు. పెళ్ళి దగ్గర మాత్రం తొందర చూపించలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఆ ఒక్క పనీ మానేశాడు. కొట్టు పక్క సందులో ఒంటి గదిలో ఉంటాడు. తినడం ఎక్కువ పూటలు డొల్లయ్య ఇంట్లోనే. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ "ఇంకాస్త వేసుకో అన్నయ్యా" అంది. అంతే, ఆ పూటనుంచి డొల్లయ్య ఆయనకి బావ అయిపోయాడు. "మా చెల్లెల్ని సరిగ్గా చూసుకుంటున్నావా లేదా?" అని కొట్లో అందరిముందూ నిలదీసేవాడు. ఆయన ఎడమ భుజం మీద ఎప్పుడూ పాత నీలం దుప్పటి చింపి మడతపెట్టిన గుడ్డ ఉంటుంది. షీటు అంచు భుజాన్ని కోయకుండా, భుజం ఎముక షీటు అంచుని నలపకుండా. ఎన్నిసార్లు ఉతికినా ఆ గుడ్డకి భుజం వంపు పోదు.

వరుస మధ్యలోంచి షీటు తియ్యాలంటే ఇద్దరి పని. ఒకరు ముందున్నవాటిని కాస్త తమ భుజం మీదికి వాల్చుకుని పట్టుకోవాలి. ఆ సందులో ఇంకొకరు వెనకది పక్కకి లాగాలి. ఎప్పుడూ భుజం తొందరబాబుది, లాగడం డొల్లయ్యది. "లాగెయ్ బావా, నడుం పోతోంది" అని ఆయన, "ఉండరా, సరిగ్గా చూడనీ" అని ఈయన. కొట్టుకి రోజూ వచ్చేవాళ్ళు ఆ మాటలు వినీ వినీ, ఎవరైనా బేరం తెగకుండా నానుస్తుంటే "నడుం పోతోంది బావా" అనడం నేర్చుకున్నారు.

కొత్త జంట వెళ్ళిపోయాక తొందరబాబు ఫోను మోగింది. గుమ్మం బయటికి వెళ్ళి మాట్లాడి, నవ్వుకుంటూ వచ్చాడు.

"మా చెల్లెలు," అన్నాడు.

"ఏమంటుంది?"

"నీకెందుకు? అన్నాచెల్లెళ్ళం ఏదో మాట్లాడుకుంటాం."

"గిన్నెల సంగతేనా?"

"అన్నీ కింద పెట్టేసిందటగా. మంచి పని చేసింది." దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బావా, ఆ గోడ వైపువి ఇవాళ తీసేద్దాం."

డొల్లయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ షీట్ల సంగతి తనకి తప్ప మనిషన్నవాడికి తెలియదని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు.

"ఏవి?"

"అబ్బో, ఏవిట. వరుసకి పక్కగా నిలబడితే నీ టిక్కులన్నీ కనిపిస్తూనే ఉంటాయి. పోనీలే అని ఊరుకున్నా."

"తీద్దాంలే. సాయంత్రం ఒకసారి కొట్టి చూసి..."

"కొట్టి చూసి, ఇంకో లోడు రానీ అంటావు."

"ఎల్లుండి వస్తోందట్రా లోడు. అందులో ఒక్కటి చూసి..."

 తొందరబాబు బావ మొహంలోకి కాసేపు చూశాడు. భుజం మీది గుడ్డ తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. మాటకి మాట అప్పజెప్పే మనిషి అలా ఊరుకోవడం డొల్లయ్యకి వింతగానే ఉంది. ఇంతలో ఎవరో తలుపు చెక్క కోసం రావడంతో ఆ సంగతి మర్చిపోయాడు.

మధ్యాహ్నం షావుకారు భోజనానికి వెళ్ళాడు. ముందు గదిలో కోత మిషను మీద ఒక వడ్రంగి తెచ్చిన కొలతలకి షీటు ముక్కలు కోస్తున్నారు. రంపం రొదకి చెవులు చిల్లులు పడుతున్నాయి. పొట్టు ఎగిరి కనురెప్పల మీద వాలుతోంది. గీత వెంబడే తెగుతోందో లేదో డొల్లయ్య వంగి చూస్తున్నాడు.

ముందు ఆయన కాళ్ళకి తెలిసింది. కింద నేల అదిరింది. ఆ తర్వాత చప్పుడు. అదీ పెద్ద చప్పుడేం కాదు, రంపం రొదలో వడ్రంగికి వినిపించనే లేదు. తడి దుప్పటి విదిలిస్తే వచ్చే గాలిలాంటిది వెనక గది గుమ్మంలోంచి వచ్చి, కింద పడి ఉన్న పొట్టునంతా లేపింది.

డొల్లయ్య తల అలవాటుగా ఎడమ పక్కకి వంగింది. షీటు నేల మీద పడితే ఒక చప్పుడు. షీటు మీద షీటు పడితే ఇంకో చప్పుడు. ఈ రెండూ ఆయనకి నిద్రలో కూడా తెలుస్తాయి. ఇప్పుడు విన్నది ఆ రెండిట్లో ఏదీ కాదు.

"ఆపు," అన్నాడు. మిషను ఆగింది.

"ఏరా," అని పిలిచాడు వెనక గది వైపు.

గుమ్మం దాకా వెళ్ళి అక్కడే కొయ్యబారిపోయాడు. వరుస ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తోంది. షీట్లన్నీ ముందుకి పడిపోయి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బోర్లా ఉన్నాయి. వాటి కిందనుంచి ఒక చెయ్యి బయటికి ఉంది. అరచెయ్యి పైకి తిరిగి, వేళ్ళు కొంచెం ముడుచుకుని ఉంది. మణికట్టుకి పొద్దున కట్టుకున్న గడియారం ఉంది. ఆ గడియారం తనదే. ముల్లు తిరగట్లేదని పారేస్తుంటే, నేను బాగుచేయించుకుంటానని తొందరబాబు తీసుకున్నాడు. ఆ క్షణంలో డొల్లయ్యకి ఆ ఒక్క సంగతి తప్ప ఇంకేమీ తట్టలేదు.

కోత మిషను మనిషి, వడ్రంగి, వీధిలోంచి పరిగెత్తుకొచ్చినవాళ్ళు ఒక్కో షీటూ లేపి పక్కకి పడేశారు. డొల్లయ్య కూడా లేపాడు. చేతులు వాటంతట అవే లేపుతున్నాయి. ఒక్కో షీటు చేతికి రాగానే, ఇది వంపు, ఇది మంచిది, దీనికి మూల పోయింది అని లోపలనుంచి ఎవరో చెబుతూనే ఉన్నారు. ఆ గొంతుని ఆపడం ఆయన వల్ల కాలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

చివరి షీటు తీసేసరికి తొందరబాబు పక్కకి తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. ఒంటి మీద నెత్తురు లేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

"లేరా," అన్నాడు డొల్లయ్య. "చాల్లే, లే."

వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మనిషి పోవడమంటే ఇంతేనా? పొద్దున నవ్వు ఆపుకోలేక దగ్గిన గొంతు, ఇందాక ఫోనులో మాట్లాడిన గొంతు ఎక్కడికి పోయినట్టు? పిలిస్తే చాలు పరిగెత్తుకొచ్చే మనిషి, ఇంతమంది చుట్టూ నిలబడి చూస్తుంటే కదలకుండా ఎలా ఉన్నాడు? డొల్లయ్యకి ఏమీ అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అప్పుడు తలెత్తి గోడ వైపు చూశాడు.

ఆయన దోపిన షీట్లు పడలేదు. గోడని అంటుకుని, అంచుల మీద టిక్కులతో, చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి తక్కువ. ఆ ఒకటీ గుమ్మం పక్కన వాల్చి ఉంది. లోపలికి వచ్చేటప్పుడు దాని పక్కనుంచే వచ్చాడు గానీ చూడలేదు. దాని పై అంచు మీద, మూల దెబ్బ తినకుండా, నీలం గుడ్డ మడతపెట్టి వేసి ఉంది.

ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. తొందరబాబు ఒక్కడే వచ్చాడు. పిలిస్తే బావ మళ్ళీ కొట్టి చూస్తానంటాడని పిలవలేదు. ఒకదాన్ని ఎలాగో లాగేసి, గుమ్మం పక్కన పెట్టి, దాని మీద గుడ్డ వేసి, రెండోదాని కోసం వెళ్ళాడు. ముందున్నవాటిని ఎప్పటిలాగే కాస్త భుజం మీదికి వాల్చుకున్నాడు. వెనక్కి వాలి ఉన్న వరుసని కాస్త వాలిస్తే మళ్ళీ వెనక్కే వెళ్తుంది. అది వెనక్కి వాలి లేదు. ఎప్పటినుంచో నిటారుగా ఉంది.

షావుకారు చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వచ్చి తొందరబాబుని తీసుకెళ్ళింది. తీసుకెళ్ళేవాళ్ళకి కూడా తొందర లేదు. తర్వాత పోలీసాయన వచ్చి గది చుట్టూ తిరిగి చూశాడు.

"ఎలా పడ్డాయండీ? సరిగ్గానే నిలబెట్టారా?"

"మా డొల్లయ్య ఉండగా పద్ధతి తప్పడమన్నది లేదండి," అన్నాడు షావుకారు. "నా కొట్లో ఇన్నేళ్ళలో ఒక్క షీటు పడలేదు. ఇదేం ఘోరమో."

"నేనే," అన్నాడు డొల్లయ్య.

"ఏంటి?"

"నేనే నిటారు చేశాను. వెనక దోపాను. ఒక్కొక్కటీ."

పోలీసాయన షావుకారు వైపు చూశాడు. షావుకారు డొల్లయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "వీళ్ళిద్దరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళండి. ఆ దెబ్బకి మతి చెదిరి ఏదో మాట్లాడుతున్నాడు. కూర్చోవయ్యా. ఎవరైనా కాసిని నీళ్ళివ్వండి."

"మతి చెదరలేదు. నేనే."

"సరే, నువ్వే. ముందు తాగు."

గ్లాసు చేతికిచ్చారు. తాగాడు. పోలీసాయన జాలిగా చూసి, అడ్డకర్ర పట్టు వదిలిందేమోనని బూటుతో తన్ని చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. అడ్డకర్ర గట్టిగానే ఉంది.

సాయంత్రం కొట్టు మూసేటప్పుడు షావుకారు టిక్కులున్న షీట్ల దగ్గర ఆగాడు. "ఇవి నీవేగా? రేపు మీ ఇంటికి వడ్రంగి వస్తాడని పాపం వాడు పొద్దున సంబరంగా చెప్పాడు. బండెక్కించేస్తాను, తీసుకెళ్ళు. వీటిని నేను చూడలేను." డొల్లయ్యకి వద్దనే ఓపిక కూడా లేదు. బండివాడు సాయం పిలిచి అన్నీ ఎక్కించాడు. గుమ్మం పక్కనున్న షీటు మీది గుడ్డ తీయబోతే "ఉండనీ," అన్నాడు.

బండి పక్కనే నడిచాడు. ఇంటికి ఫోను చెయ్యాలని మధ్యాహ్నంనుంచీ చూస్తున్నాడు. ఫోను తియ్యడం, ఏమని చెప్పాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకోవడం. దారిలో కూడా రెండుసార్లు తీశాడు. తెలిసినవాళ్ళెవరో ఎదురొచ్చి, "మొత్తానికి మీ ఇంటికే? ఏమిటి విశేషం?" అని నవ్వారు. ఆయన తలూపి ముందుకి సాగాడు.

బండి చప్పుడు విని ఆవిడ బయటికి వచ్చింది. షీట్లని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ మొహం అలా విప్పారడం ఆయన చూడలేదు.

"నిజంగానే తెచ్చేశారే," అంది.

బండివాడు షీట్లు దింపి వసారా గోడకి వాల్చాడు. డొల్లయ్య వంగి, వాటి అడుగులు గోడకి ఎడంగా ఉన్నాయో లేదో జాన చాపి కొలిచాడు. సరిపోయింది. మళ్ళీ కొలిచాడు.

ఆవిడ కొంగు దోపుకుని వచ్చి, ఆయన్ని అనుకరిస్తూ తల పక్కకి వంచి, వేలితో షీటుని కొట్టింది. "బాగానే పలుకుతోందిగా. ఇన్నాళ్ళూ దీనికేం తక్కువైందండీ?" అని నవ్వుతూ రెండో షీటు దగ్గరికి జరిగింది. నీలం గుడ్డ కనిపించింది.

"అన్నయ్యదే కదూ ఇది? ఏడీ? వెనక వస్తున్నాడా?"

డొల్లయ్య ఇంకా వంగే ఉన్నాడు.

"గిన్నెలన్నీ కిందే ఉన్నా అన్నయ్య కంచం మాత్రం కడిగి విడిగా పెట్టాను. రానీండి చెబుతాను, ఇవాళ గబగబా తినేసి పోతే ఊరుకోను." ఆవిడ గొంతు కొంచెం తగ్గించింది. "మీరు అన్నయ్య మీద కోప్పడకండి. పొద్దున నేనే ఫోన్ చేశాను. బావని అడక్కు, అడిగితే ఇంకో ఏడాది చేస్తారు, నువ్వే తీసి బండెక్కించెయ్ అన్నాను."

డొల్లయ్య లేచి నిలబడ్డాడు. నవ్వు ఆవిడ మొహం మీద ఇంకా ఉంది గానీ కళ్ళు ఆయన మొహంలో ఏదో వెతకడం మొదలుపెట్టాయి. బండివాడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు.

"అన్నయ్య ఏడండీ?"

"పోయాడే," అన్నాడు.

"పోవడమేంటి? పొద్దున నాతో మాట్లాడాడు."

"షీట్లు మీద పడ్డాయి. ఇవి తీస్తుంటే."

ఆవిడ ఏడవలేదు. ఆయన చెప్పింది ఏదో తెలియని భాషలా వింది. వెనక్కి ఒక అడుగు వేసి, వసారాలోకి ఉన్న వంటగది గుమ్మం పట్టుకోబోయి, పట్టు దొరక్క అక్కడే కూలబడిపోయింది. చెయ్యి తగిలి లోపల మూతొకటి దొర్లుకుంటూ వెళ్ళి, చాలాసేపు గిరగిరా తిరిగి ఆగింది.

"నేను చెప్పబట్టేనా?" అంది.

"కాదు. నేను దోపబట్టి."

"నేను ఫోన్ చేయబట్టే."

"కాదే. విను. నేను నిటారుగా..."

ఆవిడ వినడం లేదు. నేనే ఫోన్ చేశాను, నేనే ఫోన్ చేశాను అని నేల మీది గిన్నెలకి చెప్పుకుంటోంది. మధ్యాహ్నంనుంచీ ఆయన అన్న ఆ ఒక్క మాటా ఇక్కడ కూడా ఎవరికీ అందలేదు. డొల్లయ్య ఆవిడ పక్కన గుమ్మంలో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక, కుడి చేతి మధ్యవేలి కణుపుని ఎడమ చేత్తో గట్టిగా మూసి పట్టుకున్నాడు. బండివాడు ఎప్పుడు వెళ్ళాడో ఇద్దరికీ తెలియదు.

వసారాలో షీటు పై అంచు మీద నీలం గుడ్డ, ఎడమ భుజం వంపు తిరిగి, వేసినచోటే ఉంది.